కవిలె కట్ట నుంచి పోర్టలు దాకా: ధవళేశ్వరం కింది లెక్కల కథ

ధవళేశ్వరం పేరు వినగానే ఎవరికైనా ముందుగా ఆనకట్ట స్ఫురిస్తుంది, ఆ వెంటనే కాటన్ దొర. ఆనకట్ట కింద పండిన వరి గురించీ, కొబ్బరి గురించీ, ఆ పంట కట్టిన మేడల గురించీ చాలామంది పెద్దలు రాసి ఉన్నారు. ఆ నీళ్ళతోపాటే పెరిగి పెద్దదైన మరొక పంట ఉంది. దాని గురించి రాసినవారు తక్కువ. అది లెక్క.

పన్ను రిటర్నులు దాఖలు చేసే సాఫ్ట్‌వేరు మారినప్పుడల్లా ఆడిటర్ల ఆఫీసుల్లో రాత్రిళ్ళు దీపాలు వెలగడం, వారి పార్టీలు గడువు తేదీ దగ్గరపడే కొద్దీ ఫోన్లు చేయడం మనం చూస్తూనే ఉన్నాం. ఇదంతా కంప్యూటరు తెచ్చిన కొత్త అవస్థ అని అనుకుంటాం. గోదావరి డెల్టా చరిత్రను కాస్త తిరగేస్తే ఆ అభిప్రాయం నిలవదు. సర్కారు లెక్క రాసే పద్ధతి ఇక్కడ నూటడెబ్భై ఏళ్ళకు పైగా మారుతూనే ఉంది. మారిన ప్రతిసారీ మధ్యనున్న రాతగాడి బతుకు మారింది, ఆ లెక్కకు జవాబు చెప్పుకోవలసిన మనిషి బతుకూ మారింది. ఈ టపాలో ఆ రెండో మనిషి మీదే నా దృష్టి.

లెక్కలోంచి పుట్టిన ఆనకట్ట

ఆనకట్ట దయాధర్మాల వల్ల కట్టిందే కావచ్చు కాని, దానికి అనుమతి తెచ్చిపెట్టినవి మాత్రం అంకెలే. 1832-33 నాటి కరువు, ఆ పైన వచ్చిన తుపానులు, వలసలు రాజమండ్రి జిల్లాను పీల్చి పిప్పిచేశాయి. 1821లో 7 లక్షల 38 వేలుగా ఉన్న జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. జనంతోపాటు శిస్తు కూడా పడిపోయింది. కుంఫిణీ ప్రభుత్వానికి నొప్పి తెలిసింది ఇక్కడే. కారణాలు విచారించమని సర్ హెన్రీ మాంట్‌గొమరీని నియమించారు. 1844లో ఆయన ఇచ్చిన నివేదిక, దాని వెంట వచ్చిన ఆర్థర్ కాటన్ నివేదికలు చెప్పిన సారాంశం ఒకటే: నీరు ఇస్తే శిస్తు పెరుగుతుంది. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలై 1852 నాటికి నాలుగు పాయల మీదా, అంటే ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాలుగా, ఆనకట్ట పూర్తయింది.

నీరు వచ్చాక పాత లెక్క పనికిరాకుండా పోయింది. అంతకుముందు ఊరి మొత్తానికి ఇంత అని శిస్తు కట్టి, దాన్ని రైతులే తమలో తాము పంచుకునే ఉమ్మడి పద్ధతులు ఈ ప్రాంతంలో ఉండేవి. కాలవ వచ్చిన తరవాత ఏ చేనుకు నీరు ఎక్కింది, ఏ చేనుకు ఎక్కలేదు, సార్వా ఒక్కటే పండిందా దాళ్వా కూడా పండిందా అన్నది విడివిడిగా తేలితే తప్ప పన్ను తేలదు. 1859లో గోదావరి జిల్లా ఏర్పడింది. 1860లలో చేను చేనుకూ సర్వే జరిగి రైత్వారీ బందోబస్తు వచ్చింది. 1865లో మద్రాసు ప్రభుత్వం నీటి తీరువా చట్టం చేసింది. సర్వే నంబరు ఒక్కొక్కదానికి కాగితం మీద ఒక వరస పుట్టింది. ఆ వరసల్ని ఏటేటా నింపవలసినవాడు కరణం.

కరణం గారి పుస్తకాలు

కరణం అంతకు ముందు లేడని కాదు. తాటాకు కవిలెల నాటి నుంచీ ఉన్నాడు. ఏలూరి వాస్తవ్యులైన కావలి సోదరుల సాయంతో కల్నల్ మెకంజీ సేకరించిన కైఫీయతుల్లో చాలా భాగం కరణాల దండకవిలెల నుంచి వచ్చినదే. కాని ఆ కవిలె కరణం తన పద్ధతిలో తాను రాసుకున్నది. రైత్వారీ తరవాత వచ్చిన పుస్తకాలు వేరు. వాటి గళ్ళు రెవిన్యూ బోర్డు గీసి ఇచ్చినవి. అడంగల్, చిట్టా, దిట్టం, డిమాండు, వసూలు, బాకీ: ఒక్కొక్క లెక్కకు ఒక్కొక్క నంబరు. కరణం చేసే పని గళ్ళు నింపడం. ఈనాటి మాటలో చెప్పాలంటే ఫారం పైనుంచి దిగుతుంది, నింపేవాడు కింద ఉంటాడు.

పైరు నిలిచి ఉండగా చేలగట్ల మీద తిరిగి చూడడాన్ని అజమాయిషీ అనేవారు. మెరక చేనుకు కాలవ నీరు ఎక్కితే తీర్వాజాస్తి. మాగాణిలో రెండో పంటకు నీరు వాడితే ఫసలీజాస్తి. ఈ మాటలు ఎంత మోటుగా వినిపించినా ఒక్కొక్కదాని వెనక ఒక రైతు చెల్లించవలసిన రూపాయలున్నాయి. శివారు భూమికి కాలవ నీరు సరిగా అందలేదన్న సంగతి కరణానికి తెలుసు. తెలిసి రాస్తే రైతు గట్టెక్కేవాడు. తెలిసీ రాయకపోతే మునిగేవాడు. కరణం రాతలోని ఈ శక్తి వల్లనే అతడంటే ఊరికి గౌరవమూ భయమూ రెండూ ఉండేవి. సుమతీ శతకకారుడు కరణాల మీద అన్ని పద్యాలు ఊరికే చెప్పలేదు. లంచాలు, తారుమారు అడంగళ్ళు, ఎవరి పేరునో ఎక్కిన బంజర్లు, వీటన్నిటికీ గ్రామ చరిత్రల్లో సాక్ష్యం ఉంది. కరణీకాన్ని ఆకాశానికి ఎత్తే ఉద్దేశం నాకు లేదు.

అయినా ఆ పద్ధతిలో రెండు గుణాలుండేవి. మొదటిది, రాతగాడు సర్కారు మనిషి. రాతలో తప్పు వస్తే తాసిల్దారు ముందు సంజాయిషీ చెప్పవలసినవాడు కరణమే. రెండవది, జమాబందీ. ఏటా ఫసలీ లెక్కలు ముగిశాక పై అధికారి వచ్చి కూర్చుని గ్రామ లెక్కలు తనిఖీ చేసేవాడు. కరణాలు పుస్తకాలు మోసుకొచ్చేవారు. రైతులు అర్జీలు పట్టుకొచ్చేవారు. నా చేనుకు నీరు రాలేదు, తీరువా ఎలా వేశారని అడగడానికి ఒక రోజూ, ఒక చోటూ, వినే మనిషీ ఉండేవి. విన్నవన్నీ న్యాయంగా తీర్చేవారని చెప్పలేం. వినడం మాత్రం పద్ధతిలో భాగం.

1984 జనవరి 6

కరణీకం వంశపారంపర్యంగా సాగడం రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 1960లోనే, గాజుల దశరథ రామారావు కేసులో, తేల్చింది. 1895 నాటి మద్రాసు చట్టంలోని ఆ అంశం దానితో చెల్లకుండా పోయింది. అయినా ఆచరణలో కరణాల కుటుంబాల పట్టు సడలడానికి మరో ఇరవై ఏళ్ళు పైనే పట్టింది. 1984 జనవరి 6న ఎన్.టి.రామారావు ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సుతో గ్రామాధికారుల పార్ట్‌టైం ఉద్యోగాలు ఒక్క కలంపోటుతో రద్దయ్యాయి. కోర్టుకు వెళ్ళారు. 1985లో సుప్రీంకోర్టు రద్దును సమర్థించింది. అదే ఏడు తాలూకాలు, ఫిర్కాల స్థానంలో మండలాలు వచ్చాయి.

రాజకీయంగా అది పెద్ద మార్పు, అవసరమైన మార్పు కూడా. లెక్కల దృష్టితో చూస్తే జరిగింది ఇదీ: పుస్తకాలు మండల కార్యాలయానికి చేరాయి, పుస్తకాల్లో రాయని జ్ఞాపకం మాత్రం కరణంతోనే ఇంట్లో ఉండిపోయింది. ఫలానా సర్వే నంబరులో సగం కోతకు పోయిందనీ, ఫలానా అన్నదమ్ములు పంచుకున్నారు కాని కాగితం మారలేదనీ చెప్పే మనిషి లేకుండా పోయాడు. కొత్త ఉద్యోగికి గడిలో ఉన్నదే సత్యం. ఉద్యోగం పోయిన కరణాన్నే వెతుక్కుంటూ వెళ్ళి అర్జీ రాయించుకున్న రైతులు డెల్టాలో తక్కువ కాదు. పదవి పోయింది, పని పోలేదు. ఇంతకు ముందు సర్కారు జీతం ఇచ్చి చేయించిన రాతకు ఇక రైతే రుసుము చెల్లించుకున్నాడు.

ఈ వ్యాసానికి కీలకం ఈ చిన్న సంగతే. రాత మారినప్పుడు రాతగాడు మాయమవడు. అతడి జీతం ఎవరు ఇస్తారన్నది మారుతుంది.

ఆడిటరు గారి బల్ల

పొలం లెక్క ఇలా నడుస్తుండగా వ్యాపారం లెక్క మరో దారిలో వచ్చింది. రాజమండ్రి తాడితోట బట్టల దుకాణాల్లో, డెల్టా రైస్ మిల్లుల్లో, ధవళేశ్వరం సామాను కొట్లలో గుమాస్తా చిట్టా, ఆవర్జా రాసేవాడు. 1957 నాటి అమ్మకపు పన్ను చట్టం కింద రిటర్ను వేయాలన్నా, ఆదాయపు పన్ను చూపాలన్నా ఆ పుస్తకాలను సంచిలో పెట్టుకుని ఆడిటరు గారి దగ్గరకు వెళ్ళేవాడు. పుస్తకం వ్యాపారిది, భాష తెలుగు, అందులోంచి సర్కారుకు కావలసిన అంకెలు తీసి ఇంగ్లీషు ఫారం నింపడం ఆడిటరు పని. కరణానికీ ఈయనకూ తేడా చూడండి. ఈయనకు నియామకం పార్టీ ఇస్తుంది, ఫీజు పార్టీ ఇస్తుంది, సంజాయిషీ మాత్రం పార్టీ చేతే చెప్పిస్తారు.

తరవాతి మార్పులు త్వరత్వరగా వచ్చాయి. 1986లో బెంగుళూరులో మొదలైన సంస్థ తెచ్చిన టాలీ కొన్నేళ్ళలో ఆవర్జా స్థానాన్ని ఆక్రమించింది. 2005 ఏప్రిల్ 1న మన రాష్ట్రంలో వ్యాట్ వచ్చింది. 2006-07 అసెస్‌మెంటు సంవత్సరం నుంచి కంపెనీలు ఆదాయపు పన్ను రిటర్నును కంప్యూటరు ద్వారానే వేయాలన్నారు. మరుసటి ఏడు ఆడిట్ తప్పనిసరైన భాగస్వామ్య సంస్థలకూ అదే నియమం. 2009లో బెంగుళూరు కేంద్రం మొదలయ్యాక సంతకం పెట్టిన ఒక పేజీ అక్కడికి టపాలో పంపితే సరిపోయింది. 2013 నుంచి 5 లక్షలు దాటిన వ్యక్తులకూ ఇదే దారి అయింది, ఆడిట్ నివేదికలు కూడా ఆడిటర్లే ఎక్కించాలన్నారు. 2015 నుంచి సంతకానికి బదులు ఆధార్ ఓటీపీ వచ్చింది. దానికిచ్చిన 120 రోజుల వ్యవధిని 2022 ఆగస్టు 1 నుంచి 30 రోజులకు కుదించారు.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. మన పాత లెక్క ప్రకారం ఆ రోజు ఫసలీ 1427 మొదటి రోజు. ఢిల్లీలో ఎవరూ ఫసలీ చూసి ముహూర్తం పెట్టి ఉండరు. అయినా 1855లో మద్రాసు ప్రభుత్వం ఏ తేదీని రెవిన్యూ సంవత్సరానికి ఆరంభంగా స్థిరపరచిందో అదే తేదీకి ఈ పెద్ద లెక్క కూడా మొదలవడం చరిత్ర ప్రియులకు ముచ్చటే.

సరుకు మాటకు వస్తే

కడియం నర్సరీ యజమానిని ఊహకు తీసుకుందాం. బతికున్న మొక్కకు జీఎస్టీ లేదు. అదే మొక్కను పెట్టిన కుండీకి ఉంది. తోట వేసి ఇస్తే సేవ కింద ఉంది. మూడు వరసలకు మూడు కోడులు. బియ్యం మరీ చిత్రం. 2022 జూలై 18 నుంచి ముందే సంచి కట్టి చీటీ అంటించిన బియ్యానికి 25 కిలోల వరకు 5 శాతం పన్ను వేశారు. దాంతో మన వైపు దుకాణాల్లో 26 కిలోల సంచులు వెలిశాయి. ఒక కిలో బియ్యం వేయడం మిల్లరుకు సులువే. ఆ రోజు నుంచి సంచి సంచికీ వేరు పేరు, వేరు రేటు టాలీలో సృష్టించి, పాత నిల్వను విడదీసి, తప్పు పడితే దిద్దవలసింది మిల్లు అకౌంటెంటు. 2025 సెప్టెంబరు 22న రేట్లు మళ్ళీ మారినప్పుడు కూడా పేపర్లు ధరల గురించి రాశాయి. ఆ రాత్రి తెల్లవారే లోపల రేట్లు మార్చుకున్న గుమాస్తాల గురించి రాయలేదు.

వీటన్నిటికన్నా లోతైన మార్పు ఇంకొకటుంది. 2022 జనవరి 1 నుంచి, అమ్మినవాడు తన రిటర్నులో ఆ బిల్లు చూపి, అది కొన్నవాడి పేర పోర్టలులో కనబడితే తప్ప కొన్నవాడికి పన్ను జమ దొరకదు. మీరు డబ్బు కట్టారు, బిల్లు మీ దగ్గర ఉంది, సరుకు గోదాములో ఉంది. ఎదుటివాడి ఆడిటరు ఆ నెల ఆ బిల్లు ఎక్కించలేదు. మీ జమ ఆగిపోతుంది. పూర్వం మన పుస్తకం మనం రాసి సర్కారుకు చూపేవాళ్ళం. ఇప్పుడు సర్కారు దగ్గర మన పుస్తకం ముందే రాసి ఉంటుంది, మనం దానితో మనది సరిపోల్చుకోవాలి. 2021 నవంబరు నుంచి ఆదాయపు పన్నులోనూ వార్షిక సమాచార పట్టిక వచ్చింది. ఇందులో మేలు లేకపోలేదు. దొంగ బిల్లులు తగ్గాలంటే ఇలాంటి కట్టడి ఉండాలి. కాని సరిపోలని చోట భారం ఎవరి మీద పడుతుందో గమనించండి. సరిపోల్చే పని అకౌంటెంటుది, దాని ఖర్చు పార్టీది.

ఫారం మారితే చట్టం మారినట్లేనా?

2021 జూన్ 7న ఆదాయపు పన్ను శాఖ కొత్త పోర్టలు తెరిచింది. మొదటి రోజు నుంచే చిక్కులు. ఆగస్టులో తయారీదారైన ఇన్ఫోసిస్ అధిపతిని ఆర్థిక మంత్రిత్వ శాఖ పిలిపించవలసి వచ్చింది. జూలై 31 గడువు సెప్టెంబరు 30కి, ఆపైన డిసెంబరు 31కి జరిగింది. ఈ గొడవలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది పోర్టలు నిలిచిపోవడం కాదు. ప్రభుత్వం గడువు పొడిగించినా సాఫ్ట్‌వేరు మాత్రం పాత గడువు ప్రకారమే వడ్డీ, ఆలస్య రుసుము లెక్కకట్టింది. ఆగస్టు 1న సరిచేశామని శాఖ ప్రకటించింది. గెజెట్ ఒక మాట చెబితే ఫారం మరో మాట చెప్పిందన్నమాట. కరణం గారు తప్పు తీరువా వేస్తే ఎదురుగా వెళ్ళి అడగవచ్చు. గడి దానంతటదే నిండి వస్తే ఎవరిని అడగాలి?

ఈ ప్రశ్నే మూడేళ్ళ తరవాత బొంబాయి హైకోర్టు ముందుకు వెళ్ళింది. కొత్త పన్ను విధానంలో 7 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి 87ఎ సెక్షను కింద అప్పట్లో రిబేటు ఉండేది. వాటాల అమ్మకం మీద వచ్చే స్వల్పకాలిక లాభం వంటి ప్రత్యేక రేటు ఆదాయానికీ ఆ రిబేటు వర్తిస్తుందా అన్నది వివాదం. 2024 జూలై 5న శాఖ సాఫ్ట్‌వేరును మార్చింది. ఆ రోజు నుంచి ఆ గడిలో రిబేటు అడగడానికే వీలు లేకుండా పోయింది. జూలై 4న వేసినవాడికి దక్కింది, 6న వేసినవాడికి అడిగే నోరే లేదు. మధ్యలో చట్టం మారలేదు. పన్ను సలహాదారుల సంఘం ఒకటి కోర్టుకెక్కగా, 2024 డిసెంబరులో గడువు పెంచమని మధ్యంతర ఉత్తర్వు, 2025 జనవరి 24న తుది తీర్పు వచ్చాయి. రిబేటు చెల్లుతుందా లేదా అన్నది అధికారులు తేల్చుకోవచ్చు, అసలు అడగకుండా సాఫ్ట్‌వేరు తలుపు మూయకూడదన్నది ఆ తీర్పు సారం. తరవాత 2025 ఆర్థిక చట్టం ఆ రిబేటు ముందుముందు ఉండదని చెప్పింది. చెప్పవలసిన పద్ధతి అదీ.

జీఎస్టీలో ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది. 2017లో పాత పన్నుల కింద మిగిలిన జమను కొత్త లెక్కకు తెచ్చుకోవడానికి ట్రాన్-1 అనే ఫారం పెట్టారు. పోర్టలు సహకరించక ఎందరో వేయలేకపోయారు. దేశమంతటా హైకోర్టుల్లో కేసులు నడిచాయి. చివరికి సుప్రీంకోర్టు 2022 జూలైలో ఇచ్చిన ఉత్తర్వు మీద ఆ ఏడు అక్టోబరు 1 నుంచి నవంబరు 30 దాకా మళ్ళీ పోర్టలు తెరిచారు. తన డబ్బు తనదని చెప్పుకునే గడి కోసం వ్యాపారి ఐదేళ్ళు ఎదురుచూశాడు. 2025లో కూడా ఫారాల మార్పులు పెద్దవి, సాఫ్ట్‌వేరు సిద్ధం కావాలి అని శాఖే చెప్పి జూలై 31 గడువును సెప్టెంబరు 15కు మార్చింది, ఆ రోజు పోర్టలు మొరాయించగా మరొక రోజు ఇచ్చింది.

పొలం లెక్కలోనూ ఇదే కథ. తెలంగాణలో 2020 అక్టోబరులో ధరణి వచ్చినప్పుడు, ఫలానా రకం తప్పు దిద్దడానికి పోర్టలులో మాడ్యూల్ లేదంటే ఆ తప్పు దిద్దేవారే లేరు. మాడ్యూళ్ళు ఒక్కొక్కటిగా చేరుస్తూ వచ్చారు. 2025లో భూభారతి పేరుతో వ్యవస్థనే మార్చారు.

జమాబందీ ఎక్కడ?

నేను కంప్యూటరుకు వ్యతిరేకిని కాను. తెలుగును తెర మీద చూడాలని తపించిన మనవంటివారికి ఆ మాట వేరే చెప్పనక్కరలేదు. కరణం దయ మీద బతికిన రైతుకన్నా, ఇంట్లో కూర్చుని తన అడంగల్ తానే చూసుకోగల రైతు ఎన్నో రెట్లు మెరుగు. కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేరులో ప్రతి దిద్దుబాటు జాడా మిగలాలని 2023 ఏప్రిల్ 1 నుంచి పెట్టిన నియమం కరణాల కాలంలో ఉండి ఉంటే ఎన్ని బంజర్లు మిగిలేవో!

కాని ఒక సంగతి ఒప్పుకోవాలి. దిద్దుబాటు జాడ వ్యాపారి పుస్తకంలో మిగలాలన్నాం. ఫారం మార్చినవారి దిద్దుబాటుకు ఏ జాడ ఉంది? గ్రామ లెక్కల్లో ఒక గడి మార్చాలంటే బోర్డు ఉత్తర్వు రావాలి, అది తాసిల్దారు చేరాలి, కరణం చదవాలి. ఆలస్యమే. ఆ ఆలస్యంలో ప్రశ్నించడానికి వ్యవధి ఉండేది. ఇప్పుడు రాత్రి మారిన గడి పొద్దున్నే నియమమై కూర్చుంటుంది. ఆడిటరు గారు దాన్ని తెర మీద చూసి తెలుసుకుంటారు, పార్టీకి నోటీసు వస్తే తెలుస్తుంది. పార్టీ దృష్టిలో తప్పు ఆడిటరుది, ఆడిటరు దృష్టిలో పోర్టలుది, పోర్టలు దృష్టిలో ఓటీపీ కొట్టినవాడిది. గుండ్రంగా తిరిగి భారం మళ్ళీ మొదటి మనిషి దగ్గరకే చేరుతుంది. శివారు రైతు నాటి నుంచీ అతడు మారలేదు.

2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టానికి 2026 ఏప్రిల్ 1 ఆరంభ తేదీ. సెక్షన్ల నంబర్లు మారాయి. ఫారాలు మారక తప్పదు, ఫారాలతోపాటు సాఫ్ట్‌వేర్లూ మారక తప్పదు. మార్పును ఆపమని అడగడం కాలవకు అడ్డం పడుకోవడమే. అడగవలసినది వేరు. గడి మార్చే ముందు చెప్పండి. మార్చాక కొన్నాళ్ళు పాత దారి కూడా తెరిచి ఉంచండి. గడిలో ఇమడని సంగతి రాసుకోవడానికి ఒక ఖాళీ గడి ఇవ్వండి. అన్నిటికీ మించి ఏడాదికొకసారైనా, పుస్తకం రాసినవాడూ ఆ పుస్తకానికి జవాబుదారీ అయినవాడూ కలిసి వచ్చి మాట్లాడగల చోటు ఒకటి, వినే మనిషి ఒకడు ఉండాలి.

దానికి కొత్త పేరు వెతకనక్కరలేదు. ధవళేశ్వరం నీరు పారిన ప్రతి ఊరికీ ఆ పేరు తెలుసు. జమాబందీ.